తుప్పు వేరు, నలుపు వేరు

పనిముట్ల కబుర్లు – 7

ఆగిరిపల్లి చుట్టుపక్కల ఏ గూడెంలోనైనా పాత ఇంటి చూరులో చెయ్యి పెట్టండి. ఏదో ఒక ఇనుప ముక్క తగులుద్ది. పిడి ఊడిన కొడవలి, అంచు అరిగిన పార, మొన వంగిన పలుగు. పెద్దవాళ్లు ఇంకా బతికున్న ఇళ్లలో అయితే రంపె, ఆరె, గూటం. పాత ఇల్లు పడగొట్టి స్లాబు వేసుకునేటప్పుడు ఇవన్నీ పాత ఇనుము కొనేవాడి తక్కెట్లోకి పోతున్నాయి. నాలుగు ఉల్లిపాయలకో, ఒక ప్లాస్టిక్ బకెట్‌కో మారిపోతున్నాయి.

అమ్ముకున్నవాళ్లను నేను ఒక్క మాట అనను. పట్నం నుంచి కొడుకు స్నేహితులు వస్తున్నారంటే ముందు చూరులోని రంపెను తీసి గడ్డివాము వెనక దాచిన ఇల్లు నాకు తెలుసు. గోడమీద బాబాసాహెబ్ ఫొటో ఉంది, అది తియ్యలేదు. రంపెను మాత్రం తీశారు. ఫొటో చూస్తే మన ఆలోచన తెలుస్తుంది, రంపె చూస్తే మన తాత చేసిన పని తెలుస్తుంది. ఈ దేశంలో రెండోదే ఎక్కువ ప్రమాదం.

ఇంకోపక్క లోకానికి తుప్పు మీద మోజు పుట్టింది. యూట్యూబ్ తెరవండి. ఎక్కడో దొరికిన తుప్పు ముద్దను ఒకాయన తెచ్చి, గీకి, తోమి, సానబట్టి, ఆఖర్న మొహం కనపడేంత తళతళా చేసి చూపిస్తాడు. లక్షలమంది చూస్తారు. నేనూ చూస్తాను, అబద్ధం ఎందుకు, రాత్రి నిద్ర పట్టకపోతే అదే నాకు జోలపాట. హైవేల పక్కన రిసార్టుల్లో బండి చక్రాలు, కాడిమాను, కొడవళ్లు గోడలకు వేలాడుతున్నాయి, పైన పసుపు లైటు. అంతా బాగుంది. ఆ కొడవలి ఎవరి చేతిలో అరిగిందో చెప్పే చిన్న చీటీ కూడా ఉండదు, అదొక్కటే లోటు. రాజుల కత్తి మ్యూజియంలో ఉంటే కింద రాజు పేరు ఉంటుంది, కొన్నిసార్లు వాళ్ల నాన్న పేరు కూడా ఉంటుంది.

సరే, పనిలోకి వద్దాం. చాలామంది అడుగుతున్నారు, రంపెను ఎలా బాగు చెయ్యాలని. ముందు చెయ్యకూడనిది చెబుతా. ఇనుప బ్రష్షు పట్టుకుని మీద పడొద్దు. గ్రైండర్ అసలే వద్దు. పొడిగుడ్డతో తుడిచి, వెలుతురులో పెట్టి, బొటనవేలితో రాసి చూడండి. ఎర్రగా వేలికి అంటుకుని పొడిపొడిగా రాలేది తుప్పు. నల్లగా, నున్నగా, ఇనుముకు అతుక్కుని కదలకుండా ఉండేది తుప్పు కాదు. దాన్ని ముట్టుకోవద్దు.

ఆ నలుపు సంగతి తెలియాలంటే లంద సంగతి తెలియాలి. పచ్చితోలును సున్నంలో నానబెట్టి వెంట్రుక ఊడదీసి, తర్వాత తంగేడు చెక్క నీళ్లలో, కరక్కాయ నీళ్లలో ఊరవేసేవాళ్లు మనవాళ్లు. ఆ చెక్కలో, కాయలో ఉండే వగరు పదార్థమే టానిన్. తోలు కుళ్లకుండా నిలబెట్టేది అదే. ఆ వగరు ఇనుముకు తగిలితే నీలి నలుపు తిరుగుద్ది. అది ఇనుముకు పట్టుకున్న పల్చటి పొర, కొంతవరకు తుప్పును అడ్డుకుంటుంది కూడా. ఇప్పుడు బజారులో తుప్పును నల్లగా మార్చే ద్రావణాలు డబ్బాల్లో అమ్ముతున్నారు, వాటిలో చాలావాటికి ఆధారం ఈ వగరే. ఏళ్ల తరబడి ఊరిన తోలును కోసి కోసి రంపె తనంతట తానే ఆ పొర కప్పుకుంది. మెరుపు కోసం మీరు దాన్ని గీకి పారేస్తే పోయేది మురికి కాదు, ఆ రంపె చేసిన పని మొత్తం పోతుంది.

ఇదే రసాయనం మన పక్కన పెడనలో కళంకారీ వాళ్ల దగ్గర ఉంది. పాత ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి, ఆ నీళ్లను కరక్కాయ పట్టించిన గుడ్డమీద వేస్తారు. వేసినచోట నల్లని గీత పడుతుంది. ఉతికినా పోదు. ఐరోపా వాళ్లు వందల ఏళ్లు తమ దస్తావేజులన్నీ రాసుకున్న నల్లసిరా కూడా ఇనుప లవణమూ వగరుకాయా కలిపి చేసిందే. గుడ్డమీద ఉంటే కళ అన్నారు, కాగితం మీద ఉంటే చరిత్ర అన్నారు. రంపె మీద ఉంటే కడుక్కుని రా అన్నారు.

మిగతా పని తేలికే, ఓపిక కావాలంతే. పిడి దగ్గర బిగుసుకుపోయినచోట ఒక రాత్రి కిరసనాయిలు పట్టించి ఉంచండి. రాలే తుప్పును కొబ్బరిపీచుతో, ఇటుకముక్కతో మెల్లగా తియ్యండి. మొండిగా ఉన్నచోట చింతపండు గుజ్జు రెండు మూడు గంటలు పట్టించండి, దాని పులుపు తుప్పును కరిగిస్తుంది. నల్లగా ఉన్నచోటికి మాత్రం పోనియ్యకండి, అది నలుపునూ తినేస్తుంది. కడిగిన వెంటనే పొయ్యి దగ్గర పెట్టి తడి ఆరనివ్వండి, లేకపోతే మీరు కాఫీ తాగి వచ్చేసరికి మళ్లీ ఎర్రబారుతుంది. తర్వాత నలగ్గొట్టిన కరక్కాయలు మరిగించిన నీళ్లు గుడ్డతో రెండుసార్లు పూస్తే తుప్పు తీసినచోట కూడా నలుపు తిరుగుతుంది. పైన ఆముదం. అంచును సానరాయి మీదే, నీళ్లు చల్లుకుంటూ. గ్రైండర్ వద్దని ఎందుకన్నానంటే, అంచు వేడెక్కి ముందు గడ్డిరంగు, తర్వాత నీలం తిరుగుతుంది. నీలం వచ్చిందంటే సుమారు 300 డిగ్రీలు దాటిందని. కమ్మరి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి పెట్టిన పదును అక్కడితో చచ్చింది. చూడ్డానికి మెరుస్తుంది, తోలు తెగదు.

పిడి మార్చకండి. తుమ్మకర్ర పిడి మీద బొటనవేలు ఆనే చోట గుంట పడి ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన ఒక రంపెకు ఆ గుంట ఎడమవైపు ఉంది. పట్టినాయన ఎడమచేతివాటం మనిషన్నమాట. ఆ ఇంట్లో ఎవరికీ ఆ సంగతి గుర్తు లేదు. పట్టా లేదు, ఫొటో లేదు, బడి రిజిస్టరులో పేరు లేదు. ఆయన ఎడమచేతివాటం అన్న ఒక్క నిజం ఆ కర్రముక్క దాచి పెట్టింది.

కమ్మరి గురించి ఒక మాట. కొలిమికి ఊపిరి తోలుతిత్తి. ఆ తోలు శుద్ధి చేసింది మాదిగ. తోలు కోసే రంపెను సాగగొట్టింది కమ్మరి. రంపె లేకపోతే తిత్తి లేదు, తిత్తి లేకపోతే రంపె లేదు. ఇంత దగ్గరి బంధువులు ఒకే పంక్తిలో కూర్చుని అన్నం తినలేదు. కరెంటు మోటారు రాకముందు బావుల్లో నీళ్లు పైకి తెచ్చిన మోటకు తొండమూ తోలుదే. తోటల ఘనత చెప్పేటప్పుడు జమీందారును తలుచుకుంటారు, బంగినపల్లిని తలుచుకుంటారు, చిన్న రసాన్ని తలుచుకుంటారు.

ఇప్పుడు అసలు తిట్టు దగ్గరికి వస్తా. మన కుర్రాళ్లే అంటున్నారు: “ఆ పని వదలమని అంబేడ్కర్ చెప్పాడు, నువ్వేమో రంపె తోముతున్నావు, కులవృత్తికి పూజ చేస్తున్నావా అన్నా?” మంచి ప్రశ్న. 1956 అక్టోబర్ 15న నాగపూర్ ప్రసంగంలో బాబాసాహెబ్ ఒక పాత సంగతి చెప్పారు. చచ్చిన పశువుల తోలు, కొమ్ములు, గిట్టలు అమ్ముకుంటే ఏడాదికి 500 రూపాయలు వస్తాయి, వదిలేసి నష్టపోతున్నారని ‘కేసరి’ పత్రికలో ఎవరో రాశారట. అంత లాభమైతే మీరే చేసుకోండి, పైన ఇంకో 500 నేనిస్తా అన్నది ఆయన జవాబు సారాంశం. ఒక్కరూ రాలేదు. ఆ పని గొప్పదని చెప్పేవాళ్లను నేను ఇప్పటికీ ఆ 500 రూపాయల లెక్కతోనే కొలుస్తాను. 2016లో ఉనాలో చచ్చిన ఆవు తోలు ఒలిచారని మన పిల్లల్ని చొక్కాలు విప్పించి కొట్టారు. చెయ్యకపోతే తిరుగుబాటు, చేస్తే నేరం.

కాబట్టి నేను పనిముట్టును బాగు చేస్తున్నాను, కులాన్ని కాదు. ఈ రెండింటినీ కలిపి కట్టే పని వేరేవాళ్లు చేస్తున్నారు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ చూడండి. 13,000 కోట్లు, 18 వృత్తులు, పనిముట్ల కోసం 15,000 రూపాయల వోచర్, తక్కువ వడ్డీకి అప్పు. చెప్పుల పని అందులో ఉంది, చాకలి పని ఉంది, మంగలి పని ఉంది. డబ్బు అవసరమే, ఎవరికొచ్చినా నాకు సంతోషమే. కానీ షరతు చూడండి: కుటుంబంలో సంప్రదాయంగా వచ్చే వృత్తి కావాలట. వయసు 18 నిండితే చాలట. కాలేజీలో ఉండాల్సిన వయసులో తాత చేసిన పనికి కిట్టు. 2024 నవంబర్‌లో తమిళనాడు ప్రభుత్వం ఇలాగైతే మేం అమలు చెయ్యమంది. కుటుంబ వృత్తి షరతు తీసెయ్యాలి, కనీస వయసు 35 చెయ్యాలి అని అడిగింది. తర్వాత కులంతో పని లేకుండా వేరే పథకం పెట్టుకుంది. మన దగ్గర ఆ చర్చే లేదు. మా వైపు ఐటీఐ ఫిట్టర్ చదివిన కుర్రాడు ఒకచోటికి పనిముట్ల కోసం పోతే, “మీవాళ్లకు చెప్పుల పని ఉందిగా, అది రాసుకో, త్వరగా వస్తుంది” అన్నారు. ఏ ఆఫీసో ఎందుకులెండి. చెప్పినాయన నిజంగా సాయం చేస్తున్నాననే అనుకున్నాడు, అదే నాకు ఎక్కువ భయం వేసింది.

గొడ్డలి గురించి కూడా అడిగారు. బాగు చెయ్యండి. కానీ పాత గొడ్డలిని చూసి ముచ్చటపడటం అందరికీ ఒకేలా రాదు. 1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీదికి వచ్చిన చేతుల్లో ఉన్నవి గొడ్డళ్లు, బరిసెలు. నాకు తెలిసిన ఒక పెద్దాయన ఇవాళ్టికీ గోడకు ఆనించిన గొడ్డలి ఉన్న వసారాలో కూర్చోడు.

చివరిగా తోటల్లోకి. కాపు అయిపోయాక పాదులు తవ్వే పలుగు, పార ఎవరివి? ఎండుకొమ్మలు కొట్టే కత్తి ఎవరిది? కూలోడిది. కూలి మాట్లాడేటప్పుడు పనిముట్టు మాట రాదు. తెచ్చుకోకపోతే మాత్రం వెనక్కి పంపిస్తారు. కొలిమికి తీసుకుపోయి సాగగొట్టించుకున్న డబ్బులు, పోయిన పూట, విరిగిన కామ, అన్నీ మన ఖాతా. ఉపాధి హామీ మొదలైన రోజుల్లో ఉమ్మడి రాష్ట్రంలో పలుగు పదునుకని కూలితో పాటు కొంచెం కలిపి ఇచ్చేవాళ్లు. చిల్లర డబ్బులే. అయినా పనిముట్టు అరుగుతుందని, అరుగుదలకు ఖరీదు ఉంటుందని సర్కారు కాగితం ఒప్పుకుంది. తోట యజమానులూ గుత్తదారులూ ఎందుకు ఒప్పుకోరు? ఈ కాపు నుంచి కూలి బేరంలో ‘పదును డబ్బులు’ అని విడిగా అడుగుదాం. రోజుకు ఇంత అని కాకపోతే వారానికి ఇంత. ఒక్కరు అడిగితే నవ్వుతారు, ముఠా మొత్తం అడిగితే లెక్క వేస్తారు.

వచ్చే ఆదివారం పొద్దున గూడెం కమ్యూనిటీ హాలు దగ్గర వేపచెట్టు కింద కూర్చుందాం. మీ చూరుల్లో ఉన్నవి తీసుకురండి. ఒక్కోదానికి ఒక చీటీ కట్టండి. చీటీ మీద ‘మా తాతది’ అని రాయొద్దు, ఆయన పేరు రాయండి, అమ్మమ్మదైతే ఆమె పేరు. పేరు గుర్తు లేకపోతే ఈ నాలుగు రోజుల్లో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి, వాళ్లూ ఎక్కువమంది మిగల్లేదు. కరక్కాయలు నేను తెస్తా. ఆముదం, పాత గుడ్డలు మీరు తెచ్చుకోండి. గ్రైండర్ తెచ్చినవాళ్లను టీ పెట్టడానికి పంపిస్తాం.

వచ్చే భాగంలో చిక్కం కర్ర గురించి.