దేవుడికి మనం కాపలాదారులమా?

2006 మే నెలలో ‘ద డావిన్సీ కోడ్‌’ సినిమా మన దేశంలో విడుదలైంది. డాన్‌ బ్రౌన్‌ 2003లో వెలువరించిన నవల దానికి ఆధారం. యేసుప్రభువు మగ్దలేనే మరియను వివాహమాడాడని, ఆ వంశం సంగతిని సంఘం శతాబ్దాలుగా దాచిపెట్టిందని అందులోని కథ. క్రైస్తవులు నొచ్చుకున్నారు. అది సహజమే. కన్నతల్లిని గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే మనసు చివుక్కుమనదా? సెన్సార్‌ బోర్డు పెద్దలకు మాత్రమే అని సర్టిఫికెట్‌ ఇచ్చింది. ఇది కేవలం కల్పితమని తెరమీద చెప్పించింది. అయినా అభ్యంతరాలు ఆగలేదు. జూన్‌ నెలలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం ఆ సినిమాను నిషేధించింది.

ఆ వార్త విని సంతోషించిన కాపరులలో నేనూ ఉన్నాను. ఆదివారం ఆరాధనలో కృతజ్ఞతా ప్రార్థన కూడా చేశాను. ఆరాధన ముగిశాక ఇంటర్‌ చదువుతున్న ఒక కుర్రాడు దగ్గరకొచ్చి, ‘అయ్యగారూ, ఆ సినిమా మీరు చూశారా?’ అని అడిగాడు. చూడలేదు. పుస్తకమూ చదవలేదు. ‘అలాంటివి చూడక్కర్లేదు బాబూ’ అన్నాను. వాడు తల వంచుకుని వెళ్లిపోయాడు. వాడు అడిగింది ధిక్కారంతో కాదు, తెలుసుకోవాలనే. ఆ సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది.

అదే నెలలో హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. సినిమా ఎలా ఉందో తమంతట తాము పరిశీలించకుండా, కొందరి అభ్యంతరాలను బట్టి ప్రదర్శన ఆపించడాన్ని తప్పుపట్టింది. ప్రభుత్వానికి తగిలిన ఆ మాట నాకూ తగిలింది.

అపొస్తలుల కార్యముల గ్రంథం 19వ అధ్యాయంలో ఎఫెసు పట్టణపు అల్లరి ఉంది. పౌలు బోధవల్ల తన వ్యాపారం దెబ్బతింటోందని దేమేత్రి అనే వెండి పనివాడు తోటివారిని రెచ్చగొట్టాడు. పైకి మాత్రం అర్తెమిదేవి గౌరవం పోతోందన్నాడు. జనం నాటకశాలలోకి దూసుకెళ్లి దాదాపు రెండు గంటలపాటు కేకలు వేశారు. తామెందుకు అక్కడికి వచ్చారో వారిలో చాలామందికి తెలియనే తెలియదని లూకా రాశాడు. సినిమా చూడకుండా కృతజ్ఞతా ప్రార్థన చేసిన నాకు, ఆ గుంపులో నా ముఖమే కనబడింది.

ఆ రోజు పౌలు సహచరులను కాపాడింది ఎవరు? విశ్వాసి కాదు, ఆ పట్టణపు కరణం. వీరు మన దేవతను దూషించినవారు కారు, ఎవరికైనా ఫిర్యాదు ఉంటే న్యాయస్థానాలు తెరిచే ఉన్నాయి అని నచ్చజెప్పి జనాన్ని ఇళ్లకు పంపేశాడు. మన మతంవాడు కాని ఒక అధికారి చట్టాన్ని నిలబెట్టడం వల్ల సువార్త బతికిందన్నమాట!

న్యాయాధిపతుల గ్రంథంలో గిద్యోను తండ్రి యోవాషు మాట ఇంకా సూటిగా ఉంటుంది. గిద్యోను బయలు బలిపీఠాన్ని పడగొట్టాడని ఊరివారు అతణ్ణి చంపడానికి వచ్చారు. బయలు నిజంగా దేవుడైతే తన పక్షాన తానే వాదించుకోనివ్వండి అన్నాడు యోవాషు. ఆ మాట బయలుకే కాదు, మనకూ వర్తిస్తుంది. సమాధిని గెలిచి లేచిన ప్రభువు ఒక సినిమాకు భయపడతాడా? ఆయనకు మన సాక్ష్యం కావాలి గానీ కాపలా కాదు.

మరో సంగతి మరువరాదు. మన ప్రభువుమీద కయప ఎదుట మోపిన నేరం ఏమిటి? దేవదూషణ. స్తెఫనును రాళ్లతో కొట్టింది ఏ నేరానికి? దేవదూషణకే. మతభావాలు దెబ్బతిన్నాయని ఒక మనిషి నోరు మూయించడం ఎక్కడికి దారితీస్తుందో సిలువను ధరించే మనకన్నా ఎవరికి బాగా తెలియాలి?

మన ఉత్తరాంధ్ర చరిత్రే చూడండి. 1805లో లండన్‌ మిషనరీలు క్రాన్‌, డెగ్రాంజెస్‌ విశాఖపట్నం చేరి తెలుగు నేర్చుకుని సువార్తలను అనువదించడం మొదలుపెట్టారు. స్థానికుల మతభావాలు నొచ్చుకుంటాయేమోనన్న భయంతో ఈస్టిండియా కంపెనీ మిషనరీలను అనుమానంగానే చూసింది. 1813 చార్టర్‌ చట్టం వచ్చాక గానీ వారికి దారి సుగమం కాలేదు. ఇతరులు నొచ్చుకోవడమే మాటకు కొలబద్ద అయితే నరసన్నపేటలో నేనీరోజు వాక్యం చెప్పగలిగేవాణ్ణి కాదు. మనకు బోధించే హక్కునిచ్చే స్వేచ్ఛే ఎదుటివాడికి మనల్ని విమర్శించే హక్కునూ ఇస్తుంది. ఒకటి ఉంచుకుని రెండోది వద్దనడం కుదరదు.

అయితే మాటకు హద్దే లేదా? ఉంది. రాజ్యాంగం 19వ అధికరణం భావ ప్రకటనా స్వేచ్ఛ ఇస్తూనే, శాంతిభద్రతలు, మర్యాద వంటి కారణాలపై సహేతుకమైన ఆంక్షలను అనుమతించింది. లాహోరులో ‘రంగీలా రసూల్‌’ పుస్తకంపై చెలరేగిన వివాదం తర్వాత 1927లో శిక్షాస్మృతిలో 295ఎ సెక్షన్‌ చేరింది. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్‌గా కొనసాగుతోంది. మతాన్ని అవమానించే ప్రతి మాటా దానికింద నేరం కాదని, బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో చేసిన అవమానమే నేరమని 1957లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చట్టానికి ఆ హద్దు చాలు. నమ్మకాన్ని ప్రశ్నించడం వేరు, నమ్మినవాడిమీదికి జనాన్ని ఉసిగొల్పడం వేరు. మొదటిదానికి జవాబు చెప్పాలి. రెండోదాన్ని ఆపాలి.

కానీ చట్టం గీసిన గీత కన్నా ఇవతలే ఆగమంటుంది ప్రేమ. కొన్నేళ్ల క్రితం మా సంఘ యువకుడొకడు దగ్గరి పల్లెలో ప్రసంగిస్తూ, అక్కడి గ్రామదేవతను ఎగతాళి చేశాడు. మర్నాడు నలుగురు పెద్దలు నా దగ్గరికొచ్చారు. అరవలేదు, బెదిరించలేదు. ‘మీ దేవుణ్ణి మేమెప్పుడైనా ఒక్క మాటన్నామా బాబూ?’ అని మాత్రం అడిగారు. నాకు నోటమాట రాలేదు. ఆ కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి, ఆ ఊరి రచ్చబండ దగ్గర క్షమాపణ చెప్పాను. వాడూ చెప్పాడు. సువార్త చెప్పినందుకు కాదు, ఎగతాళి చేసినందుకు. ఏథెన్సులో విగ్రహాలను చూసి పౌలు ఆత్మ ఎంతో కలత చెందింది. అయినా ఆ ప్రజల భక్తిని గుర్తిస్తూనే ప్రసంగం మొదలుపెట్టాడు. చెప్పదలచిన సత్యాన్ని తగ్గించలేదు, వినేవారిని తక్కువ చేయలేదు.

మనం తరచూ చేసేదేమిటి? ఎదుటివాడి నోటికి తాళం వేయమని ప్రభుత్వాన్ని అడుగుతాం, మన నోటికి మాత్రం గడియ పెట్టుకోం. ప్రభువు నేర్పింది దానికి తలక్రిందులు. తనను ఎగతాళి చేసినవారిని క్షమించమని ఆయన తండ్రిని వేడుకున్నాడే గాని వారిమీద శిక్ష కోరలేదు.

ఆ ఇంటర్‌ కుర్రాడు ఈరోజు మళ్లీ వచ్చి అడిగితే నా జవాబు వేరుగా ఉంటుంది. ‘కూర్చో బాబూ, మాట్లాడుకుందాం’ అంటాను. యేసు వివాహం గురించి నాలుగు సువార్తల్లో ఒక్క మాటా లేదని చూపిస్తాను. క్రీ.శ. 325లో జరిగిన నీకయ సభలోనే యేసును దేవుణ్ణి చేశారని ఆ నవల అంటుంది. కానీ ఆ సభకు 250 ఏళ్లకు పైగా ముందే పౌలు తన పత్రికల్లో ఆయనను ప్రభువని ఒప్పుకున్నాడని తెరిచి చదివిస్తాను. నిషేధం ఆ బిడ్డకు ఇవ్వలేనిది అదే. మన నిరీక్షణకు కారణం అడిగినవారికి సాత్వికంతో జవాబివ్వడానికి సిద్ధంగా ఉండమన్నాడు పేతురు. అడిగినవాణ్ణి నోరు మూయించమని ఆయన ఎక్కడా చెప్పలేదు.