ఎడారి మొక్క, షుగర్ మందు: రైతుకు దక్కేదేమిటి?

ఎడారి మొక్కతో షుగర్ నయమవుతుందంటూ ఫోన్లలో ఏదో ఒక వార్త తిరుగుతూనే ఉంటుంది. దాని వెంటే పొడి అమ్మేవాళ్లు, నారు అమ్మేవాళ్లు ఊళ్లలోకి దిగుతారు. ఈ మొక్కల మీద పరిశోధన జరుగుతున్న మాట నిజం. జరగాలి కూడా. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో బాధపడుతున్నారని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో వెల్లడించింది. అందుకే ఈ పరీక్షల తీరు, వాటి ఫలం ఎవరికి చేరుతుందన్నది రైతులకు తెలియాలి.

ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రాంతపు ఎడారుల్లో కిలియాడెనస్ అనే మొక్క ఉంది. అక్కడి బెడూయిన్లు దాన్ని వైద్యంలో వాడుతూ వచ్చారు. శాస్త్రవేత్తలు దాని సారాన్ని ముందు కణాల మీద, తర్వాత ఇసుక ఎలుకల మీద పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. ఎడారి ఆకులు తిని బతికే ఈ ఎలుకకు బలమైన మేత పెడితే షుగర్ వస్తుంది. సారం ఇచ్చాక దాని రక్తంలో చక్కెర తగ్గింది. మంచి కబురే. అయినా అది మనిషికి మందు కావాలంటే మోతాదు తేలాలి, కాలేయానికీ మూత్రపిండాలకూ హాని లేదని తేలాలి, వందలాది రోగుల మీద నిలవాలి.

థార్ ఎడారిలో తుంబా అనే కాయను మనం వెర్రిపుచ్చ, చిట్టిపాపర అంటాం. షుగర్‌కు నాటువైద్యంలో వాడతారు. చక్కెర తగ్గినట్టు చిన్న ప్రయోగాలు కొన్ని చెప్పాయి. అదే కాయ తిని పేగుల్లో రక్తస్రావమైన కేసులూ వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఇప్పుడు వాడుతున్న మెట్‌ఫార్మిన్‌కు మూలం కూడా యూరప్‌లోని గలేగా అనే మొక్కే. అందులోని పదార్థం విషపూరితమని పక్కన పెట్టారు. దాని పోలికతో తయారైన బిళ్ల 1957లో గానీ రోగులకు చేరలేదు. కాబట్టి వార్త చూసి ఎవరూ బిళ్లలు, ఇన్సులిన్ మానకండి.

ఇక వాటా సంగతి. కలహారి ఎడారిలో శాన్ ప్రజలు వేటకు వెళ్లినప్పుడు ఆకలి తెలియకుండా హూడియా కాడ నమిలేవారు. దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధన మండలి 1990లలో వారిని అడగకుండానే దాని మీద పేటెంట్ తీసుకుని, ఊబకాయం మందు కోసం కంపెనీకి హక్కులిచ్చింది. శాన్ ప్రజలు గొంతెత్తాకే 2003లో ఒప్పందం కుదిరింది. మండలికి వచ్చే రాయల్టీలో వారికి రాసింది 6 శాతం. 2008లో యూనిలీవర్ ఆ పని వదిలేయడంతో పెద్దగా చేతికందిందీ లేదు.

మన దేశంలో 2002 జీవవైవిధ్య చట్టం లాభాల్లో వాటాకు దారి చూపింది. 2023 సవరణ గ్రంథాల్లోకెక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడేవారికి ఆ బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చింది. తరతరాలుగా మొక్కను కాపాడిన గిరిజనుడికి, మెట్టరైతుకు ఇది నష్టం.

నారు వ్యాపారం మనకు కొత్త కాదు. సఫేద్ ముస్లికి, జట్రోఫాకు ఎంత హడావుడి జరిగిందో గుర్తుంది. విత్తనం అమ్మినవాడు బాగుపడ్డాడు, తిరిగి కొంటామన్న మాట నమ్మినవాడు అప్పులపాలయ్యాడు. కొనేవాడు, ధర, గడువు రాతలో లేనిదే ఏ మందుమొక్కకూ ఒక్క సెంటు కూడా కేటాయించవద్దు.

మా డిమాండ్లు మూడు. ఈ పరీక్షలు ప్రభుత్వ సంస్థల్లో, ప్రభుత్వ నిధులతో జరగాలి, మంచి ఫలితాలతో పాటు చెడ్డవీ ప్రకటించాలి. పరిశోధన మొదలయ్యే నాడే స్థానికుల వాటా రాతపూర్వకంగా తేలాలి. 2023 మినహాయింపును రద్దు చేయాలి.

మన చేతిలోనూ ఒక పని ఉంది. ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలని చట్టమే చెబుతోంది. మీ ఊళ్లో ఉందా? మొక్కల రిజిస్టర్ ఎవరు రాశారు? వచ్చే గ్రామసభలో అడగండి. పెద్దలకు తెలిసిన మొక్క పేరు, దాని వాడకం అందులోకి ఎక్కించండి. రేపు ఎవరైనా మన మొక్క మీద హక్కు అడిగితే చూపించడానికి మన చేతిలో కాగితం ఉండాలి.