పాలకులు ఓడిన మర్నాడు రికార్డులకు ఏం జరుగుతుంది?

హైదరాబాదులో చుట్టాలున్న ఇళ్లలో ఈమధ్య ఫోన్ ట్యాపింగ్ కేసు ప్రస్తావన రాకుండా మాటలు ముగియడం లేదు. మన సంఘం ఆఫీసులోనూ అంతే. "ఎవరెవరి ఫోన్లు విన్నారట?" అని అందరూ అడుగుతున్నారు. నాకు మాత్రం ఇంకో ప్రశ్న పెద్దదిగా తోస్తున్నది. విని దాచిపెట్టుకున్నదంతా ఏమైంది?

2023 డిసెంబరు 3న తెలంగాణ ఎన్నికల ఫలితాలు వచ్చాయి, అధికారం చేతులు మారింది. మర్నాడు 4వ తేదీ రాత్రి స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో (ఎస్‌ఐబీ) కార్యాలయంలో హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారన్నది పోలీసుల అభియోగం. 2024 మార్చిలో కేసు పెట్టి అరెస్టులు మొదలుపెట్టారు. అమెరికాలో ఉన్న మాజీ అధిపతి 2025 జూన్‌లో తిరిగొచ్చి విచారణకు హాజరయ్యారు. ఆయనా, నాటి పాలకులూ ఆరోపణలను కాదంటున్నారు. నిజానిజాలు తేల్చవలసింది కోర్టు.

ఎస్‌ఐబీ ఎవరి మీదనో కక్షతో పుట్టిన సంస్థ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో నక్సలైట్ల కదలికలు తెలుసుకోవడానికి పెట్టిన విభాగం. ఆ పోరులో పోలీసులూ చాలామంది చనిపోయారు. దళాలు తెలంగాణ వదిలి ఛత్తీస్‌గఢ్ అడవుల్లోకి వెళ్లిపోయాక పని తగ్గింది. కానీ మనుషులు, యంత్రాలు, ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేని అలవాటు మిగిలాయి. అలాంటి పరికరం ఊరికే మూల పడి ఉండదు. అది రాజకీయ ప్రత్యర్థుల మీదికీ, వ్యాపారుల మీదికీ, పత్రికలవాళ్ల మీదికీ తిరిగిందన్నదే ఇప్పటి కేసు సారాంశం.

డిసెంబరు 4 అనగానే నాకు మరో ఊరు గుర్తొస్తుంది. తేదీ కలవడం యాదృచ్ఛికమే. తూర్పు జర్మనీలో స్టాసీ అనే రహస్య పోలీసు శాఖ 1950లో మొదలైంది. 1989 నాటికి అందులో సుమారు 91,000 మంది ఉద్యోగులు, వాళ్లకు తోడు లక్షన్నరకు పైగా వేగులు. భర్త మీద భార్య, స్నేహితుడి మీద స్నేహితుడు చెప్పిన సందర్భాలున్నాయి. నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. మరి కొద్ది వారాలకు ఎర్ఫుర్ట్ ఊళ్లో స్టాసీ కార్యాలయం పొగగొట్టం నుంచి పొగ రావడం చూసి, కాగితాలు తగలబెడుతున్నారని జనానికి అర్థమైంది. 1989 డిసెంబరు 4న ఆ ఊరి ఆడవాళ్లు ముందు నిలబడి ఆ కార్యాలయాన్ని పట్టుకున్నారు. జనవరి 15న బెర్లిన్‌లోని ప్రధాన కార్యాలయం వంతు వచ్చింది. అప్పటికే చింపి సంచుల్లో కుక్కిన కాగితాలు పోగా, వందకు పైగా కిలోమీటర్ల పొడవున పేర్చదగిన ఫైళ్లు మిగిలాయి. 1992 నుంచి ఎవరి ఫైలు వాళ్లు అడిగి చదువుకునే హక్కు చట్టం ఇచ్చింది. కాపురాలు కూలాయి, స్నేహాలు చెడాయి. అయినా ఆ దేశం ఫైళ్లు మూయలేదు.

స్టాసీకీ ఎస్‌ఐబీకీ పోలిక పెడుతున్నాననుకోకండి. అది నియంతృత్వం, ఇది ఎన్నికైన ప్రభుత్వం కింద శాఖ. అయితే మన దేశమూ 21 నెలలు ఆ రుచి చూసింది, మన ఊరు మరీ దగ్గరగా చూసింది. నేటి ఫ్రీడమ్ పార్క్ ఉన్నచోట నాటి సెంట్రల్ జైలు. అద్వానీ, వాజపేయి ఉన్నది అక్కడే. నెల్లూరు పఠాభిగారి భార్య, 'సంస్కార' సినిమాలో చంద్రి పాత్ర వేసిన స్నేహలతా రెడ్డిగారు కూడా అక్కడే ఉన్నారు. జార్జి ఫెర్నాండెజ్ ఆచూకీ కోసం వేట సాగుతున్నప్పుడు, 1976 మేలో ఆమెను పట్టుకున్నారు. ఉబ్బసం మనిషి. 1977 జనవరి 15న పెరోల్‌పై వదిలారు, 20న పోయారు. డైనమైట్ కేసు తుది అభియోగపత్రంలో ఆమె పేరే లేదు. ఆ ఎనిమిది నెలల గురించి మనకు తెలిసినదాంట్లో ముఖ్యభాగం ఆమె జైల్లో రాసుకున్న డైరీ వల్లనే.

ప్రభుత్వం వైపు నుంచి షా కమిషన్ ఉంది. మీసా కింద 34,988 మందిని నిర్బంధించినట్టు అదే లెక్క తేల్చింది. 1980లో ఇందిరాగాంధీ తిరిగి రాగానే ఆ నివేదిక ప్రతులు దొరకడమే కష్టమైంది. మాజీ ఎంపీ ఎరా సెళియన్ తన దగ్గరున్న ప్రతితో 2010లో మళ్లీ అచ్చువేయించారు. ఒక పెద్దాయన అలమారాలో ఉండబట్టి దేశానికి దక్కింది!

ఫోన్ల సంగతికొస్తే, ట్యాపింగ్ దుమారంలోనే 1988లో రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రి పదవి వదిలారు. ఆనాటి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 1996లో సుప్రీంకోర్టు హద్దులు గీసింది. హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి, దాన్ని ఒక కమిటీ సమీక్షించాలి. చిక్కెక్కడంటే, ఆ తర్వాత వచ్చిన నిబంధనల్లో అవసరం లేని ట్యాపింగ్ రికార్డులను ఆరు నెలలకోసారి నాశనం చేయాలనీ ఉంది. 2024 డిసెంబరులో వచ్చిన కొత్త నిబంధనలూ దాన్ని ఉంచాయి. పౌరుడి గుట్టు కాపాడటానికి పెట్టిన నియమమే, తప్పు చేసినవాడికి సాకుగానూ పనికొస్తుంది.

నేను జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను. మామూలు ఆఫీసులో గడువు తీరిన చిత్తు ఫైలును పారేయాలన్నా జాబితా రాయాలి, అధికారి సంతకం పెట్టాలి, ఆ జాబితాను మాత్రం ఉంచుకోవాలి. అడిగితే ఫలానా రోజున ఫలానావారి ఉత్తర్వుతో తీసేశామని చూపించాలి. వేగు శాఖకు ఆపాటి పద్ధతైనా ఎందుకుండకూడదు? ఎవరి ఫోను, ఎవరి ఉత్తర్వు, ఎన్నాళ్లు, ఎప్పుడు చెరిపారు అన్న నాలుగు గడుల రిజిస్టరు శాఖ బయట, హైకోర్టు రిజిస్ట్రార్ దగ్గర సీలు వేసి ఉంచితే దేశ భద్రతకు వచ్చే ముప్పేమీ నాకు కనబడదు. ఎన్నికల షెడ్యూలు వెలువడిన రోజు నుంచి కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసేదాకా ఒక్క ముక్కా చెరపరాదని ఒక వాక్యం చేర్చినా చాలు. ఏ పార్టీ గెలిచినా ఈ వాక్యం చేర్చడానికి తొందరపడదు, ఎందుకంటే రేపు దిగిపోయేది తామే కావచ్చు.

హైదరాబాదు కేసులో ఎవరికి శిక్ష పడుతుందన్నదాని మీద పందేలు కాసేవాళ్లు కాస్తున్నారు. నేను చూస్తున్నది వేరు. ఆ డిస్కుల్లో ఏముందో, వాటిని తీసేయమన్నది ఎవరో చెప్పే కాగితం ఒక్కటైనా కోర్టు ముందుకు వస్తుందా అని.