పంట విక్రయమునకు ముందేర్పాటు

మన ఉయ్యాలవాడ ప్రాంతపు నల్లరేగడి భూములలో ఆశ్వయుజ కార్తికములలో విత్తిన శనగ మాఘమాసము నాటికి కళ్లములకు చేరును. రమారమి నూఱు దినముల పంట. ఆ నూఱు దినములును రైతు ఏ పనిని ఏనాడు చేయవలయునో యెఱిగియే చేయును. పదును చూచి విత్తును; కాయపురుగు కనబడక మునుపే చేనిలో తిరుగును; కోతకు కావలసిన కూలీలకు ముందుగానే చెప్పియుంచును. కాని నూర్పిడి ముగిసి రాశి పడిన మఱునాటినుండి యీ క్రమమంతయు ఎచ్చటికో పోవును. గోతములు ఎవరు తెత్తురు, కాటా ఎప్పుడు వచ్చును, సరకు ఎచ్చటికి పోవును, సొమ్ము ఏనాటికి చేతికందును అను ప్రశ్నలకు ఒక్కొక్కరు ఒక్కొక్క సమాధానము చెప్పుదురు. ఒంటరి రైతు విషయమున ఇది సహింపదగిన లోపమే కావచ్చును. పలువురి పంటను చేర్చి విక్రయింపబూనిన సహకార సంఘమునకు మాత్రము ఇది ప్రాణాపాయకరమని మా యభిప్రాయము.

సంఘము ద్వారా విక్రయమనగానే సభ్యులలో పలువురు ధరను గుఱించియే యోచింతురు. బేరమాడ నేర్చిన యొక దిట్టను విక్రయ ఉపసంఘమున నిలిపినచో కార్యము సఫలమగునని తలంతురు. ఆ నేర్పు అవసరమే, కాదనము. అయితే బేరము కుదురుట ఒక్క గంట పని. దానికి ముందును వెనుకను అనేక దినముల పని కలదు. మచ్చు తీయవలెను; తేమ చూడవలెను; మట్టిపెళ్లలును తాలును పోవునట్లు జల్లించవలెను; గోతములు సమకూర్చవలెను; తూచి, కుట్టి, గుఱుతులు వేయవలెను; హమాలీలను, లారీలను కుదుర్చవలెను; గిడ్డంగిలో చోటు చూడవలెను; రశీదులు వ్రాయవలెను; కొనుగోలుదారునినుండి సొమ్ము రాబట్టి సభ్యులకు పంచవలెను. వీనిలో ఒకటి ముగియనిదే మఱియొకటి సాగదు. గోతము లేనిదే కాటా నడువదు. కాటా నడువనిదే లారీ కదలదు. లారీ చేరనిదే సొమ్ము రాదు. గొలుసులో ఒక్క కడియము విఱిగినను బరువంతయు నేలబడును గదా.

ఒక చిన్న లెక్క వేసి చూతము. సంఘము వేయి క్వింటాళ్ల శనగను విక్రయింప నిశ్చయించినదనుకొందము. ఏబది కిలోల గోతములైనచో రెండువేలు కావలెను. ఒక కాటాపై గంటకు నలుబది గోతముల చొప్పున ఎనిమిది గంటలు తూచినచో దినమునకు 320 గోతములు తెమలును. అనగా తూకమునకే ఏడవ దినము వచ్చును. ఒక్కొక్క లారీకి 200 గోతములు పట్టునేని పది లారీలు కావలెను. తొందరపడి పదింటిని మొదటి దినముననే రప్పించినచో నాటి సాయంకాలమునకు ఒక్కటి మాత్రమే నిండి బయలుదేరును. తక్కిన తొమ్మిదింటికి నిలువు కూలి చెల్లింపవలసివచ్చును. అట్లుగాక తూకపు వేగమును ముందే లెక్కించి, దినమునకు ఒకటియో రెండో వచ్చునట్లు చెప్పియుంచినచో ఏడు దినములలో పదియు సుఖముగా వెడలిపోవును. లేదా మఱియొక కాటా అద్దెకు తెచ్చినచో నాలుగు దినములలో పని ముగియును. ఈ రెండు మార్గములలో ఏది చౌకయో కాగితముపై తేల్చుకొనుటకు అరగంట చాలును. ఆ అరగంట వెచ్చింపని కారణమున పోవు సొమ్ము సభ్యుల సొమ్మే.

ఇంతకంటె పెద్ద నష్టము మఱియొకటి కలదు. అది ఏ చిట్టాలోను కనబడదు. శనగకు 2025-26 రబీ విక్రయకాలమునకు ప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలునకు 5,650 రూపాయలు. ఆ ధరకు వేయి క్వింటాళ్లు 56,50,000 రూపాయలగును. లెక్కలు తెమలక ఈ సొమ్ము సభ్యులకు ఒక నెల ఆలస్యముగా చేరినదనుకొందము. నూటికి నెలకు రూపాయి వడ్డీ చొప్పున 56,500 రూపాయలు. గ్రామములలో సాధారణముగా వినబడు రెండు రూపాయల వడ్డీయైనచో 1,13,000 రూపాయలు నష్టము. ఇది సంఘము లెక్కలలో ఖర్చుగా వ్రాయబడదు గనుక లేనట్లే యుండును. కాని ఎరువుల అంగడి బాకీ తీర్పలేకపోయిన రైతు ఇంట అది తప్పక వ్రాయబడును.

అందుచేతనే చిన్న రైతు వ్యాపారిని ఆశ్రయించును. వ్యాపారి ధర తగ్గించునని అతడెఱుగును. తరుగు ఎక్కువ తీయుననియు ఎఱుగును. అయినను కళ్లములోనే తూచి, చెప్పిననాటికి సొమ్మిచ్చునను నమ్మకముతో అచ్చటికే పోవును. అట్టివానిని సంఘద్రోహి యని నిందించుట న్యాయము కాదు. సంఘము ఇవ్వలేని తేదీని వ్యాపారి యిచ్చుచున్నాడు. ఆ తేదీని మనమును ఇయ్యగలిగిననాడు సభ్యుడు మరలివచ్చును. అంతవఱకు ఉపన్యాసములవలన ప్రయోజనము లేదు.

ఈ సమస్య క్రొత్తది కాదు. 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలనయందు రైతులు తెచ్చుకొను అప్పులలో సహకార సంఘముల పాలు నూటికి మూడింటికి కొంచెము మించియున్నట్లు తేలినది. 1954లో వెలువడిన నివేదిక, అప్పిచ్చుటతో ఊరకుండక, పరపతిని పంట విక్రయముతో ముడిపెట్టవలెనని సలహా యిచ్చినది. ఆ ముడి నిలువవలెనన్నచో రెండు కొనలను పట్టుకొని నడుపు క్రమము కావలెను. అట్టి క్రమమునకు తెలుగునాటనే మంచి దృష్టాంతము ముల్కనూరు. పూర్వపు కరీంనగరు జిల్లాలోని ఆ గ్రామమున 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారి పూనికతో ఏర్పడిన సంఘము అప్పును, ఎరువులను, విత్తనమును, పంట విక్రయమును ఒక్క చూరుక్రిందికి తెచ్చినది. విత్తనపు వరి పండించుటకు సభ్యులతో ఏర్పాటు చేసుకొనునపుడు ఏ చేను, ఎంత పంట, ఎన్నడు కోత యను సంగతులు తెలియక పని సాగదు. ఊహమీద నడచు సంఘమునకు అట్టి వ్యాపారము సాధ్యము కాదు.

విదేశములనుండి ఒక దృష్టాంతము. అమెరికాలోని కాలిఫోర్నియా నారింజ రైతులు 1893లో ఒక విక్రయ సమాఖ్యగా కూడిరి. 1907లో వారు సదరన్ పసిఫిక్ రైలు కంపెనీతో కలసి అయోవా రాష్ట్రమును ఎన్నుకొని, అచ్చటి పత్రికలలో తమ పండ్లను గుఱించి ప్రకటనలు వేయించి, అదే కాలమున పతాకములు కట్టిన ప్రత్యేకపు రైళ్లలో పండ్లను పంపిరి. ఆ యేట ఆ రాష్ట్రమున వారి నారింజల విక్రయము సుమారు సగము పెరిగెను. మఱుసటి యేడు సన్‌కిస్టు అను పేరు వాడుకలోనికి వచ్చెను. ఇందు మనము గమనింపవలసినది ప్రకటన యొక్క మెఱుగు కాదు. ప్రకటనయు రైలును ఒక్క కాలమున చేరుట. పేరు విని అంగడికి వచ్చినవానికి పండు దొరకనిచో ఆ పేరే చెడును. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయైన బి.పి.టి. 5204 బియ్యము మన కాలువ భూములలో పండి, కర్నూలు సోనాయను పేరుతో దూరప్రాంతములందును ప్రసిద్ధికెక్కినది. అట్టి మంచి పేరుగల ప్రాంతమున మన సంఘములు తమ పేరు ముద్రించిన సంచులలో బియ్యమో శనగయో అమ్మ గోరినచో, సంచి అందమునకంటె ముందు, అంగడివానికి మాట యిచ్చిన దినమున సరకు చేరు ఏర్పాటు చూచుకొనవలెను.

ఇక ఏమి చేయవలెను? మా సూచనలు ఇవి. శనగకైనచో పుష్యమాసమునందే, వరికైనచో కోతకు ఒక నెల ముందుగా, విక్రయ ఉపసంఘము కూడి ఒక కార్యపత్రము వ్రాయవలెను. మొదట, ఏ సభ్యుడు ఎన్ని క్వింటాళ్లు ఏ వారమున తేగలడో ఇంటింట విచారించి పట్టీ వేయవలెను. రెండవది, ప్రతి పనికిని ఒక్క మనిషి పేరు, ఒక తేదీ వ్రాయవలెను. అందఱిదియను పని ఎవ్వరిదియు కాకపోవును. మూడవది, ఏ పని దేనికి ముందు ముగియవలెనో గుఱుతుంచవలెను. నాలుగవది, చెడు దినమునకు కూడ ఏర్పాటుండవలెను: వాన వచ్చినచో టార్పాలిను పట్టలెక్కడ, లారీ రానిచో ఎవరినడుగవలెను, కొనుగోలుదారుడు వెనుదీసినచో రెండవవాడెవడు అనునవి. వరి కొనుగోలు కేంద్రములలో నూటికి 17 పాళ్లకు మించిన తేమగల ధాన్యమును త్రోసిపుచ్చుదురు గావున, తేమ కొలుచు యంత్రము కళ్లమునకే పోవలెను గాని ధాన్యము కేంద్రమునకు పోయి తిరిగి రాకూడదు. ఐదవది, ఏ ధరవఱకు విక్రేత తానే నిర్ణయింపవచ్చునో, ఏ ధరకు దిగువనైనచో ఉపసంఘము నడుగవలెనో ముందే తేల్చవలెను. ధర గంటగంటకు మాఱు దినమున సభ కూడువఱకు బేరము నిలువదు.

ఈ కార్యపత్రమును సంఘపు గోడపై అంటించి, విక్రయకాలమున వారమునకొకమాఱు చదివి, ముగిసినదానిని కొట్టివేసి, వెనుకబడినదానికి కారణము వ్రాయవలెను. సొమ్ము పంచు తేదీ అందులో పెద్ద అక్షరములతో ఉండవలెను. తేదీ తప్పునట్లున్నచో ఆ సంగతిని సభ్యులకు ఫోను ద్వారా ముందే తెలుపవలెను.

నిలువచేయు విషయమునను ఇదే న్యాయము. ధర లేదని శనగను శీతల గిడ్డంగిలో పెట్టుట మన ప్రాంతమున అలవాటే. బాగుగ ఎండబెట్టి పుచ్చు తగులకుండ కాపాడినచో గింజ నిలుచును. కాని వడ్డీ నిలువదు. 5,650 రూపాయల సరకుపై నూటికి రూపాయి చొప్పున ఆఱు నెలల వడ్డీ 339 రూపాయలు. అద్దెయు తరుగును దీనికి వేఱు. ధర అంతకు మించి పెరిగిననే లాభము. కావున నిలుపుటకు తీర్మానించిననాడే, ఏ ధర వచ్చినచో అమ్ముదుము, రాకున్నను ఏ తేదీకి మించి నిలుపము అను రెండు సంగతులు వ్రాసుకొనవలెను. గడువు లేని నిరీక్షణ వ్యాపారము కాదు, జూదము.

ఇందుకు కొన్ని ఆక్షేపణలు వినబడుచున్నవి. మన కార్యదర్శికి అంతయు నోటికి వచ్చును, ఈ కాగితములెందుకని కొందఱందురు. నోటికి వచ్చుట గొప్పయే; ఆయనకు జ్వరము వచ్చిననాడు సంఘమునకేమి మిగులునో యోచింపవలెను. ఏర్పాట్లన్నియు గోడపై పెట్టినచో వ్యాపారులు తెలిసికొందురని మఱికొందఱందురు. ధరకు సంబంధించిన హద్దును ఉపసంఘము గుట్టుగా నుంచుకొనవచ్చును. కాటా దినమును, లారీ దినమును, సొమ్ము దినమును దాచవలసినవారు సభ్యులు కారు. ఎంత ఏర్పాటు చేసినను వాన, ధర మన చేతిలో నుండవని వేఱుకొందఱందురు. నిజమే. చేతిలో లేనివి రెండున్నవి గనుకనే, చేతిలోనున్న పదింటిని జారవిడువరాదు.

సభ్యులకును ఒక మాట. ఉపసంఘము పట్టీ వేయవచ్చినపుడు ఇరువది క్వింటాళ్లు తెత్తునని చెప్పి, మఱునాడు కళ్లములో పది రూపాయలెక్కువ యిచ్చినవానికి తూచిన సభ్యుడు, సంఘము కుదుర్చుకొన్న లారీని ఖాళీగా పంపినవాడగును. దాని బాడుగ అతని ప్రక్క చేని రైతే భరింపవలెను. సంఘము తేదీకి కట్టుబడవలెను. సభ్యుడు మాటకు కట్టుబడవలెను. రాబోవు శనగకాలమునకు తొలి కార్యపత్రమును పుష్యమాసములో వ్రాయుటకు సభ్యులు తమ పాలకవర్గమును ఇప్పుడే అడుగవలెనని కోరుచున్నాము.