ఊరి మీదుగా కాదు, ఊరి చుట్టూ

నేపాల్‌లోని ముక్తినాథ్ తెలుగువారికి కొత్త పేరు కాదు. 108 దివ్యదేశాలలో సాలగ్రామ క్షేత్రంగా గణనకెక్కిన ఆ ఆలయానికి తెలుగునాట నుంచి యాత్రికులు ఏటా వెడుతూనే ఉన్నారు. కాళీగండకి నదిలో దొరికే సాలగ్రామాలు మన ఇళ్లలో పూజాపీఠాల మీద ఉన్నాయి. అయితే ఆ గుడి దగ్గర నుంచి ఇప్పుడు మరో తరహా యాత్ర కూడా మొదలవుతున్నది. లావుపాటి గరుకు టైర్లు, కుదుపులను ఓర్చుకునే స్ప్రింగులు గల సైకిళ్లపై స్వదేశీ, విదేశీ యువకులు సుమారు 3,700 మీటర్ల ఎత్తున బయలుదేరి, నదీలోయ వెంట 1,200 మీటర్ల ఎత్తున గల తాతోపానీ వరకూ దిగిపోతున్నారు. ఒకవైపు 8,167 మీటర్ల ధవళగిరి, మరొకవైపు 8,091 మీటర్ల అన్నపూర్ణ. సైకిలు తొక్కేవారికి ఇంతకంటే కావలసిందేమీ లేదు. ఆ దారి పొడవునా ఉన్న ఊళ్లకు దీనివల్ల ఒనగూరుతున్నదేమిటన్నదే ప్రశ్న.

లెక్క చాలా సులభం. కాలినడకన వచ్చే యాత్రికుడికి ముక్తినాథ్ నుంచి తాతోపానీ చేరడానికి నాలుగైదు రోజులు పట్టేది. కాగ్‌బేనీలోనో, మార్ఫాలోనో, తుకుచేలోనో రాత్రికొక ఊళ్లో బస చేసేవాడు. రెండు పూటలా అక్కడే భోజనం చేసేవాడు. అతడి డబ్బు ఊరూరా కొంచెం కొంచెంగా దిగేది. సైకిలు మీద వచ్చేవాడికి అదంతా రెండు రోజుల పని. జీపులో పోయేవాడు ఒక్క రోజులోనే దాటిపోతాడు. వేగం పెరిగినకొద్దీ ఊరికి దక్కేది తగ్గుతుంది. పర్యాటకుల సంఖ్య పెరిగిందని సంతోషించే ప్రభుత్వాలు, వారు ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు ఉన్నారన్న లెక్కను మాత్రం అంతగా పట్టించుకోవు.

ఈ దారి పర్యాటకుల కోసం పుట్టినది కాదు. టిబెట్ ఉప్పు దక్షిణానికీ, పల్లపు ప్రాంతాల ధాన్యం ఉత్తరానికీ శతాబ్దాల పాటు ఈ బాట మీదనే నడిచాయి. తుకుచే ఆ వ్యాపారానికి కేంద్రం. లోయలోని థకాలీ వర్తకులు దానివల్లనే సంపన్నులయ్యారు. 1959 తరువాత టిబెట్‌తో రాకపోకలు కుదించుకుపోయి, భారతదేశపు ఉప్పు చవకగా లభ్యం కావడంతో ఆ వర్తకం క్షీణించింది. వర్తకులలో పలువురు బస నడిపేవారుగా మారారు. 1977లో మనాంగ్ వైపు ప్రాంతాన్ని విదేశీయులకు తెరచిన తరువాత 5,416 మీటర్ల థొరాంగ్ కనుమ మీదుగా అన్నపూర్ణ ప్రదక్షిణ మార్గం జగత్ప్రసిద్ధమైంది. 1986లో అన్నపూర్ణ సంరక్షణ ప్రాంత పథకం ఆరంభమైంది. పర్యాటకుల నుంచి వసూలయ్యే ప్రవేశ రుసుమును ఆ ప్రాంత సంరక్షణకూ, స్థానికాభివృద్ధికీ వెచ్చించాలన్నది దాని మూలసూత్రం.

2000 దశకం చివరలో జోమ్‌సోమ్‌కు రోడ్డు వచ్చింది. ఎన్నో చోట్ల పాత కాలిబాటనే వెడల్పు చేసి దానిని వేశారు. దుమ్ము లేచింది, నడిచి వచ్చేవారు తగ్గారు, కొన్ని బసలు వెలవెలబోయాయి. స్వర్గం నాశనమైపోయిందని పాశ్చాత్య యాత్రికులు వాపోయారు. వారి విచారం నిజమైనదే కావచ్చు. కాని పదిహేను రోజులు ఉండి విమానమెక్కేవారు, అక్కడే పుట్టి అక్కడే జబ్బుపడే ప్రజలకు రోడ్డు వద్దని చెప్పడం న్యాయం కాదు. మార్ఫాలో 1966లో నెలకొల్పిన ఉద్యాన క్షేత్రం చలవతో ఆ లోయ ఆపిల్ తోటలకు పేరుగాంచింది. పండిన పండును కంచరగాడిదల మీద దించలేక ఎండబెట్టి వరుగులు చేయడం, సారా కాచడం తప్ప రైతుకు చాలాకాలం గత్యంతరం లేకపోయింది. రోడ్డు వచ్చిన తరువాతనే మార్ఫా పండు తాజాగా పోఖరా బజారుకు చేరుతున్నది. రోడ్డు కావాలా, వద్దా అన్న చర్చ అక్కడితో ముగిసినట్లే. రోడ్డుతో పాటు పాతబాట కూడా మిగలాలా అన్నదే ఇప్పుడు మిగిలిన చర్చ.

ఇక్కడే కొండ సైకిలు రంగప్రవేశం చేసింది. 1970 దశకంలో కాలిఫోర్నియా కొండలపై కొందరు యువకులు పాత సైకిళ్లకు లావు టైర్లు తగిలించి సరదాగా మొదలుపెట్టిన ఆట ఇది. 1981 నాటికి ఇటువంటి సైకిళ్లు కర్మాగారాలలో తయారై దుకాణాలకు వచ్చాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆ ఆటకు స్థానం లభించింది. అన్నపూర్ణ ప్రాంతంలో 2007లో ఆరంభమైన పందెంలో పోటీదారులు థొరాంగ్ కనుమను సైతం సైకిళ్లతోనే దాటారు, చాలా దూరం వాటిని భుజాన మోసుకుంటూ అన్నది వేరే సంగతి.

విచిత్రమేమిటంటే ఈ సైకిలుకు రోడ్డు అక్కరలేదు. జీపుల దుమ్ము మింగుతూ తొక్కడానికి ఎవరూ అంత దూరం రారు. దానికి కావలసింది మనిషీ, మేకా నడిచే సన్నని బాట. ఆధునికుల దృష్టిలో పనికిరానిదై పోయిన కాలిబాటకు ఆధునిక వస్తువే తిరిగి విలువ తెచ్చిపెట్టింది. అయితే ఆ విలువ ఎవరి చేతికి అందుతుందన్నది బాటను ఎటు మళ్లిస్తారన్నదానిపై ఆధారపడి ఉంటుంది.

పై నుంచి కిందికి ఒక్క ఊపున దిగే మార్గం వల్ల లాభపడేది ప్రధానంగా పోఖరాలో సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణదారు, జీపు యజమాని. ఊరి చుట్టూ తిరిగి ఊరికే వచ్చే మార్గాలైతే కథ వేరు. జోమ్‌సోమ్‌లో గానీ కాగ్‌బేనీలో గానీ మకాం పెట్టినవాడికి ఒకనాడు థీనీ గ్రామం, ఢుంబా సరస్సు, మరునాడు నది అవతలి తీరీ, ఇంకొకనాడు ఝోంగ్ వైపు పాత కోటదారి, కాళ్లలో సత్తువ ఉంటే ముక్తినాథ్ నుంచి కనుమ దాటి బోన్ మతస్థుల గ్రామమైన లుబ్రాకు దిగే బాట ఉన్నాయి. నాలుగు రోజులు, నాలుగు రాత్రులు, ఒకే ఊరు. ప్రకృతి కూడా ఇందుకే అనుకూలం. ఆ లోయలో పొద్దెక్కేసరికి దక్షిణం నుంచి ఎదురుగాలి హోరున లేస్తుంది. జోమ్‌సోమ్ విమానాలు ఉదయం పూటే నడిచేది అందువల్లనే. మధ్యాహ్నం ఆ గాలికి ఎదురు తొక్కి దిగేకంటే, తెల్లవారుజామున బయలుదేరి భోజనం వేళకు బసకు చేరుకోవడమే సుఖం.

ప్రాణరక్షణ విషయంలోనూ ఇదే మేలు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తుపాను అక్కడితో ఆగలేదు. దాని అవశేషం ఉత్తరానికి సాగి, రెండు రోజుల తరువాత థొరాంగ్ కనుమ పరిసరాలలో మంచుతుపానై విరుచుకుపడింది. యాత్రికులు, గైడ్లు, కూలీలు, స్థానికులు కలిసి 40 మందికి పైగా మరణించారు. 2023 ఆగస్టులో, వాన తక్కువగా కురిసే ప్రాంతమైన కాగ్‌బేనీని సైతం ఆకస్మిక వరద ముంచెత్తింది. ఊరి చుట్టూ తిరిగేవాడు చీకటి పడేలోగా రాకపోతే బస యజమానికి తెలుస్తుంది. దాటిపోయేవాడి కోసం ఎదురుచూసేవారు ఎవరూ ఉండరు.

అంతమాత్రాన సైకిలు నిరపాయకరమైనదని అనలేము. తడినేలపై టైరు గాడి తీస్తుంది, ఆ గాడి వెంట నీరు పారి బాటను కోసుకుపోతుంది. పొలాల కాలువగట్లు తెగితే నష్టపోయేది రైతే. బరువు మోసుకుంటూ ఎక్కే ముసలమ్మ ఎదుటికి మలుపులో నుంచి సైకిలు దూసుకురావడం ఏ పర్యాటకాభివృద్ధి కిందికీ రాదు. ఏ బాట తెరవాలో, ఏ నెలలో మూయాలో, మరమ్మతు చేసినవారికి కూలి ఎంతో నిర్ణయించవలసింది ఊరివారే. ఆ కూలికి ప్రవేశ రుసుము నుంచి ఒక వాటా కేటాయిస్తే చాలును.

ఇది నేపాల్‌కు మాత్రమే పరిమితమైన సమస్య కాదు. ఉత్తరాఖండ్‌లో 2011 తరువాత 734 గ్రామాలు నిర్జనమయ్యాయని ఆ రాష్ట్ర వలసల కమిషన్ 2018లో వెల్లడించింది. హిమాచల్ ప్రదేశ్‌లో 2005లోనే కొండ సైకిళ్ల పందెం మొదలైంది కాని, పందెం వారంలో ముగిసే వేడుక. అది ఊరిని నిలబెట్టలేదు. 2000లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కొండ రాష్ట్రాలలో 250 మంది గల ఆవాసాలకు సైతం రోడ్డు వేయాలని సంకల్పించింది. మంచిదే. అయితే రోడ్డు కోసం కొండను తొలిచిన రాళ్లనూ మట్టినీ వాలు కిందికి దొర్లించడం ఇంజనీర్లకూ కంట్రాక్టర్లకూ అలవాటుగా మారింది. ఆ మట్టి కింద పూడిపోతున్నది తరచుగా కాలిబాటే. దాని పొడవు ఏ అంచనాలోనూ ఉండదు గనుక, పోయిన సంగతి ఏ లెక్కలోకీ రాదు. కొత్త రోడ్డు నక్షా గీసేటప్పుడు దాని పక్కనే పాతబాటను కూడా గీసి, మట్టి పోయవలసిన చోటును వేరుగా చూపవలసిందిగా కంట్రాక్టు షరతులలో చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు.