టైరు మారితే గేరూ మారినట్టే

కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీ నది పడమటి ఒడ్డున ఉన్న షాలిమార్ తెలుగువారికి కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ బయలుదేరే స్టేషన్‌గా పరిచయం. అక్కడి గూడ్స్ యార్డు పరిసరాలు మాత్రం లారీల లోకం. భీమవరం, ఆకివీడు, కైకలూరు చేపలు 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా హావ్‌డా టోకు మార్కెట్‌కు చేరేదీ లారీల్లోనే. ఇంతటి దూర ప్రయాణానికి కాస్త పెద్ద టైరు వేస్తే మేలన్న ఆలోచన యజమానులకు కలగడం సహజం. అయితే దాని ప్రభావం చక్రంతో ఆగదు.

10.00–20 టైరు స్థానంలో 11.00–20 వేస్తే వ్యాసం సుమారు 3 శాతం పెరుగుతుంది. చక్రం ఒక్కసారి తిరిగితే లారీ ఆ మేరకు ఎక్కువ దూరం సాగుతుంది. వెనుక ఇరుసులోని క్రౌన్–పినియన్ నిష్పత్తి 6.17 అనుకుంటే, అది దాదాపు 5.99కి తగ్గినట్టే. సమతల రహదారిపై అదే వేగానికి ఇంజిన్ తక్కువ చుట్లు తిరుగుతుంది కాబట్టి డీజిల్ కొంత ఆదా కావచ్చు.

చిక్కు ఎత్తులో ఎదురవుతుంది. నేలను నెట్టే బలం అదే 3 శాతం తగ్గుతుంది. షాలిమార్‌కు చేరువలోని విద్యాసాగర్ సేతు వంటి వంతెనను నిండు బరువుతో ఎక్కేటప్పుడు డ్రైవరు ముందుగానే కింది గేరుకు దిగాలి. ఆగిన బండిని కదిలించేటప్పుడు క్లచ్ ఎక్కువగా అరుగుతుంది. బ్రేకు పట్టు సైతం ఆ మేరకు బలహీనపడుతుంది.

మీటరు లెక్కలూ తప్పుతాయి. 1,000 కిలోమీటర్లు నడిచిన లారీకి మీటరు 971 మాత్రమే చూపుతుంది. లీటరుకు వచ్చే సగటు కాగితంపై పడిపోతుంది. డీజిల్ ఏమైందన్న ప్రశ్న డ్రైవరుకు ఎదురవుతుంది. గంటకు 80 కిలోమీటర్లకు బిగించిన వేగ నియంత్రకం ఉన్నా, అసలు వేగం 82 దాటుతుంది.

చట్టం దృష్టిలోనూ ఇది చిన్న విషయం కాదు. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం–1988లోని 52వ సెక్షన్ నియంత్రిస్తోంది. అనుమతి లేని మార్పునకు 2019 సవరణ ప్రకారం ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పు ఒక్కింటికి రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2018లో కేంద్రం ఇరుసు బరువు పరిమితులను పెంచి, మూడు ఇరుసుల లారీకి 25 టన్నుల స్థానంలో 28.5 టన్నులకు అనుమతించింది. కానీ ఏ బండి ఎంత మోయవచ్చో చెప్పేది దాని రిజిస్ట్రేషన్ పత్రమే. పెద్ద టైరు ఆ హక్కును పెంచదు.

కాబట్టి తయారీదారు ఆమోదించిన పరిమాణాన్నే ఎంచుకోవాలి. అవసరమైతే క్రౌన్–పినియన్‌ను మార్చి, మీటరును, వేగ నియంత్రకాన్ని సరిచేయించాలి. ఆ ఖర్చు మిగుల్చుకుంటే భారమంతా స్టీరింగ్ పట్టినవాడిపైనే పడుతుంది.