ముందుగా వండి దాచుకొనుట సోమరితనమా?

గృహకృత్యములలో వంటవంటి పని మరియొకటి లేదు. ఎంత శ్రద్ధగా ముగించినను మరునాటి ఉదయమున అది మరల మొదటికే వచ్చును. పూర్వము ఇంటనుండు స్త్రీలు ప్రొద్దంతయు పొయ్యియొద్ద గడుపుచుండిరి. ఇప్పుడు అనేక కుటుంబములలో తల్లిదండ్రులిరువురును ఉద్యోగములకు పోవుచున్నారు. బడిగంట ఎవరికొరకును ఆగదు, బస్సు అంతకంటె ఆగదు. అయినను వంట మాత్రము పాతకాలపు లెక్కనే జరుగవలెనని కోరుచున్నాము. ఈ కోరికకు వెల చెల్లించువారెవరు? నాలుగు గంటలకే లేచు తల్లి. ఆమెకు సాయముగా ఉల్లిపాయలు తరుగుచు ఉదయపు చదువును పోగొట్టుకొను పెద్దకుమార్తె. ఆలస్యమైనందున ఏమియు తినక వచ్చి రెండవ పీరియడుకే తలవాల్చు బాలుడు. వీరిని ఉపాధ్యాయులందరును ఎరుగుదురు. కావున వంటయింటి సంగతి బడిపత్రికకేల యని చదువరులు తలంపకుందురుగాక.

వారమునకొకమారు ఇంటివారందరును కూడి, రాబోవు దినములకు కావలసిన వంటలో శ్రమయెక్కువైన భాగమును ముందుగా చేసి, ఫ్రీజరులో గడ్డకట్టించి దాచుకొనుట మంచి పద్ధతియని నా అభిప్రాయము. దీనికి మొదటి ఆక్షేపణ మన పెద్దలనుండియే వచ్చును. ఏ పూటకాపూట వండి వేడిగా వడ్డించుటయే ప్రేమ యనియు, దాచినదంతయు చద్దికూడే యనియు, ఇట్లు చేయు ఇల్లాలు సోమరి యనియు వారందురు.

ఇట్లనువారు తమ ఇంటి అటకవంక ఒకమారు చూడవలెను. ఎండకాలమున పెట్టిన ఆవకాయ జాడీలు, ఎండబెట్టిన వడియములు, అప్పడములు, వంకాయ ఒరుగులు, డబ్బాలోని కందిపొడి, సముద్రతీరపు ఇండ్లలోని ఉప్పుచేపలు ఇవన్నియు ముందుగా చేసి దాచుకొన్నవి కావా? రాత్రి అన్నమును మజ్జిగలో ఊరబెట్టి పొలమునకు పోవువానికి ఉదయమున పెట్టిన తల్లిని ఎవరైనను సోమరి యనిరా? ఎండ నీటిని తీసివేయును. ఉప్పును పులుపును సూక్ష్మజీవులను పెరుగనీయవు. చలియు ఆ పనినే మరియొక విధముగా చేయును. మన అవ్వలకు ఎండయు ఉప్పును దొరికెను; మనకు చలియు దొరికినది. దూరదృష్టి యొక్కటే, సాధనము మారినది.

చలి మనకు సులభముగా రాలేదు. 1833లో అమెరికాలోని బోస్టనునుండి ఓడపై మంచుగడ్డలు కలకత్తా చేరెను. మద్రాసులో 1842లో వానికొరకు సముద్రపుటొడ్డున కట్టిన ఐస్ హౌసు నేటికిని నిలిచియున్నది. ఆ మంచు ధనికుల పానీయములకు మాత్రమే చాలెడిది. ఆహారమును గడ్డకట్టించు విద్యకు మార్గము చూపినవారు ఉత్తరపు చలిదేశములలోని ఇనూయిట్ జనులు. 1912 మొదలుకొని కొన్ని సంవత్సరములు లాబ్రడారులో నివసించిన క్లారెన్సు బర్డ్స్ ఐ యను అమెరికను, వారు పట్టిన చేపలు ఆ గాలిలో వెంటనే గడ్డకట్టుటయు, నెలల తరువాత వండినను క్రొత్తవానివలెనే యుండుటయు గమనించెను. దానిననుసరించి ఆయన యంత్రములు నిర్మింపగా, 1930లో మసాచుసెట్సునందలి స్ప్రింగుఫీల్డులో గడ్డకట్టిన ఆహారము అంగళ్లలో అమ్మకమునకు వచ్చెను. ఇందలి మర్మమిది: నెమ్మదిగా గడ్డకట్టినచో పెద్ద మంచుపలుకులు పుట్టి పదార్థముయొక్క కణములను చీల్చును, త్వరగా గడ్డకట్టినచో పలుకులు చిన్నవై రుచి నిలుచును. కావున పెద్ద గిన్నెడు కూరను అట్లే పెట్టక, ఒక పూటకు చాలునంత చొప్పున పలుచని పొట్లములుగానో చిన్న డబ్బాలలోనో పెట్టవలెను.

మన వంటకములలో ఈ పద్ధతికి ఒదుగునవి అనేకము కలవు. ఉడికించిన కందిపప్పు, సాంబారు, ఉల్లిపాయ టమాటాల ముద్ద, అల్లము వెల్లుల్లి ముద్ద, చింతపండు గుజ్జు, తురిమిన కొబ్బరి, మాంసపు కూరలు, సగము కాల్చిన చపాతీలు చక్కగా నిలుచును. బంగాళాదుంప ముక్కలు పిండిపిండియగును, పెరుగు విరుగును, దోసకాయ నీరుకారును. ఆకుకూర, తాలింపు, పచ్చడి ఆ పూటకే చేసికొనుట మేలు. ఉదయమున తాలింపు చిటపటలాడినచో, ముందుగా ఉడికిన పప్పుకూడ అప్పుడే వండిన పప్పగును.

కాని జాగ్రత్త లేని చలి అపాయకరము. చలి సూక్ష్మజీవులను చంపదు, నిద్రపుచ్చును అంతే. వేడి తగులగానే అవి మేల్కొనును. వండినదానిని వెడల్పు పళ్లెములలో త్వరగా చల్లార్చి రెండు గంటలలోపుగా, మన వేసవిలోనైతే ఒక గంటలోపుగా, లోపల పెట్టవలెను. అన్నము విషయమున మరింత మెలకువ కావలెను. అందుండు ఒకజాతి సూక్ష్మజీవుల బీజములు ఉడికినను చావవు. అన్నము గంటలతరబడి బయటనున్నచో అవి పెరిగి పుట్టించు విషము మరల కాచినను పోదు. ఫ్రీజరు చలి సున్నకు దిగువ 18 డిగ్రీలుండవలెను. ఒకే తలుపుగల ఫ్రిజ్జు పైభాగమునందలి చిన్న అరలో అంత చలి సాధారణముగా ఉండదు గనుక, దానిని వారమునకు మించి నమ్మరాదు. ప్రతి డబ్బాపై తేదీ వ్రాయవలెను. రేపటి డబ్బాను ఈ రాత్రియే క్రింది అరలోనికి దింపవలెను. ఉదయమున పొగలు వచ్చునట్లు మరిగించవలెను. ఒకమారు కరగినదానిని మరల గడ్డకట్టింపరాదు.

కరెంటు పోయినచో ఏమగునని కొందరడుగుదురు. దీనికి విద్యార్థులు చేయదగిన పరీక్ష యొకటి కలదు. చిన్న గిన్నెలో నీరు గడ్డకట్టించి, దానిపై ఒక నాణెమునుంచి ఫ్రీజరులోనే ఉంచుడు. ఊరినుండి తిరిగివచ్చి చూచునప్పుడు నాణెము పైననే యున్నచో భయము లేదు. అడుగునకు దిగి మంచులో చిక్కియున్నచో, మీరు లేనివేళ అంతయు కరగి మరల గడ్డకట్టినదని తెలిసికొని పారవేయుడు.

ఇక ముఖ్యమైన సంగతి. ఉల్లిపాయలు తరిగి, వేయించి, టమాటాలతో మగ్గించుటకు దినమునకు 30 నిమిషములనుకొందము. ఆరు దినములకు 3 గంటలగును. ఒకేమారు పెద్ద బాండీలో చేసినచో గంటంబావులో ముగియును. మిగిలిన గంటముప్పావు ఎవరిది? అది తల్లి విశ్రాంతికిని కుమార్తె చదువునకును చెందవలెను. అట్లుగాక, ఆరు దినముల శ్రమనంతయు శనివారమున ఆమె ఒక్కతెపైననే మోపి, ఇంటిలోని మగవారు వార్తాపత్రిక చదువుచు కూర్చున్నయెడల, ఫ్రీజరు ఆమె బరువును తగ్గించినది కాదు, మూటగట్టినది మాత్రమే. చలిపెట్టెను కొనుట సులభము. పనిని పంచుకొనుట కష్టము. ఈ రెండవది లేనిదే మొదటిదానివలన న్యాయము కలుగదు. బాలురారా, ఉల్లిపాయ తరుగుటవలన మీ గౌరవమునకు లోటు రాదు. తండ్రులారా, మీరు కత్తిపీట ముట్టినచో మీ కుమారులు వేరొక బోధ లేకయే నేర్చుకొందురు.

క్రైస్తవ కుటుంబములకు మరియొక మాట. ఇశ్రాయేలీయులు అరణ్యమున ఆరవదినమున రెండంతల మన్నాను కూర్చుకొని విశ్రాంతిదినమును ఆచరించిన సంగతి ఆదివారపుబడి పిల్లలకు సహితము తెలియును. ముందుగా సిద్ధపరచుకొనుట విశ్వాసమునకు విరుద్ధము కాదనుటకు ఇది చాలును. అయినను మన ఇండ్లలో ఆదివారమే వంట అధికము. కూరయు పలావును ముగించి తల్లి ఆలయమునకు వచ్చుసరికి ప్రసంగము సగమైయుండును. విస్తారమైన పనులచేత తొందరపడిన మార్తను గూర్చి మనము చెప్పుకొందుము. కాని ఆమెకు వంటయింట తోడుపోవలసినవారెవరని ఆలోచింపము. శనివారము సాయంకాలము మాంసపు కూర వండి చల్లార్చి ఫ్రిజ్జులో పెట్టుకొన్నచో, మొదటి కీర్తననాటికే ఆమె మనయొద్ద నుండగలదు.

ఫ్రీజరు అందరి ఇండ్లలోను లేదు. లేనివారు నిరుత్సాహపడనక్కరలేదు: రాత్రియే కూరలు తరిగి, పప్పు కడిగి, పొడులును ఊరగాయలును సిద్ధముగా నుంచుకొన్నను ఉదయపు భారము కొంత తగ్గును. ఉన్నవారు దానిని ఐస్‌క్రీములకును బజారు పొట్లములకును మాత్రమే విడువక, ఇంటి వంటకు వినియోగింతురుగాక. వేడి అన్నములో ప్రేమ కలదు, కాదనను. అయితే ఆ అన్నమును వడ్డించు చేతికి విశ్రాంతి నిచ్చుటలోను ప్రేమ కలదు. రాబోవు శనివారము కత్తిపీట యెదుట తల్లి యొక్కతెయే కూర్చుండకుండ చూచుట ఈ పత్రిక చదువు ప్రతి విద్యార్థి చేయగల పని.